మనం పోయని గుట్టలు

నలభై రెండేళ్ళ వయసులో పాస్‌పోర్టు కోసం ఫొటో దిగితే, ఆ ఫొటోలో నేను ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టున్నాను. నిజంగానే కొట్లాడాను. స్టూడియో అతను లైటు ఒకవైపే పడేట్టు పెట్టాడు. సరిచెయ్యమంటే, "నీకేం తెలుసక్కా, కూసో" అన్నాడు. నాకేం తెలుసో చెప్పి, లైటు నేనే జరిపి, అప్పుడు కూర్చున్నాను. పొయ్యి మీది పాలకన్నా ముందు నేను పొంగుతానట. ఈ మాట మా ఆయనది.

మాది గోదావరిఖని. భూమి లోపల బొగ్గు తవ్వే గని ఒకదానిలో, ల్యాంపు రూములో నా ఉద్యోగం. గనిలోకి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గరికి వచ్చి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. నేను దాన్ని బోర్డు మీద అదే నంబరు కొక్కానికి తగిలించి, టోపీకి పెట్టుకునే ల్యాంపు అతని చేతికిస్తాను. షిఫ్టు దిగి పైకి వచ్చాక ల్యాంపు నాకిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. వేలిముద్రల యంత్రాలు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, మా గనిలో బిళ్ళ మాత్రం పోలేదు. చివరి బిళ్ళ కదిలేదాకా నేను కూడా అక్కడినుంచి కదలను.

మా నాన్న గని లోపలికి దిగి బొగ్గు తవ్వేవాడు. ఊపిరితిత్తులు పాడై ఆయన అన్‌ఫిట్ అయితే, ఆయన బదులు నాకు ఈ ఉద్యోగం వచ్చింది. చేరిన కొత్తలో, నాన్న అన్నేళ్ళు పనిచేసిన చోటు ఎట్లా ఉంటుందో ఒక్కసారి దిగి చూస్తానని మా ఇన్‌చార్జిని అడిగాను. "ఆడోళ్ళు దిగేటందుకు రూల్ లేదమ్మా" అన్నాడు. తర్వాత రూలు మారింది, నా డ్యూటీ మాత్రం మారలేదు. ఎనిమిదేళ్ళుగా అందరూ పోతారు, అందరూ వస్తారు, నేను కిటికీలోంచి చూస్తాను. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు, గర్వమే. కానీ ఒక్కసారన్నా పోయేవాళ్ళ వైపు నిలబడాలని లోపల ఎక్కడో గట్టిగా ఉండేది.

ఫొటోల పిచ్చి పట్టింది కూడా ఈ ఊరి వల్లనే. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. బొగ్గు మీదున్న మట్టిని తవ్వి తీస్తారు, ఈయనలాంటి వాళ్ళు ఎత్తుకుపోయి పక్కన పోస్తారు. పోసీపోసీ అవి గుట్టలయ్యాయి. మా పెళ్ళయిన కొత్తలో క్వార్టరు వెనక నిలబడితే ఆకాశం నేలదాకా కనిపించేది, ఇప్పుడు గుట్ట అడ్డం వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలకు "మా ఆయన పోసిన గుట్ట" అని చూపిస్తాను. వానాకాలంలో నీళ్ళు జారి దాని ఒంటి నిండా సన్నటి లోయలు పడతాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఒక్కో లోయలో ఒక్కో నీడ ఉంటుంది. మొదట ఫోనుతో తీసేదాన్ని. తర్వాత పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే ఒకతని దగ్గర పాత కెమెరా కొన్నాను. స్కూటీ మీద పోయి రోడ్డు పక్కన నిలబడి నేలను, ఆకాశాన్ని తీస్తుంటే, లారీ డ్రైవర్లు బ్రేకు వేసి మరీ "అక్కడేముందక్కా?" అని అడిగేవాళ్ళు.

హైదరాబాదులో ఒకామె ఫొటోలు తీసేవాళ్ళను దగ్గరుండి వేరే దేశాల కొండల్లోకి తీసుకుపోతుందని ఫోనులో చూశాను. ఈసారి కిర్గిజ్‌స్థాన్. ఎనిమిది మందే. రావాలనుకునేవాళ్ళు తాము తీసిన పది ఫొటోలు పంపాలి. నేను మా గుట్టల ఫొటోలే పది ఏరి పంపాను. మూడో రోజు ఆమే ఫోను చేసింది.

"ఇవి ఎక్కడ తీశారండీ? లడఖా?"

"లేదు మేడం, మా ఇంటెన్కనే."

"ఇంటి వెనకా!" అని ఆమె నవ్వేసింది. తర్వాత ఫొటోలు చాలా నచ్చాయంది. నా మనసు గాల్లో తేలింది. వెంటనే అసలు మాట చెప్పింది. "మిగతా ఏడుగురికీ కొండలు అలవాటే. మీకు మంచు, ఎత్తు, చలి ఏదీ తెలియదు. ఒక్కరు వెనకబడితే అందరికీ ఇబ్బంది. మూడు ఆదివారాలు ప్లానింగ్ మీటింగులు పెడుతున్నాను. మీరూ రండి. చూసి, మీ సీటు సంగతి చెప్తాను."

అంటే ఏడుగురికి సీటుంది, నాకు పరీక్ష ఉంది. సరే, పరీక్షంటే భయపడే రకాన్ని కాదు. పదో తరగతి రెండుసార్లు రాసినదాన్ని.

ముందు సెలవు కావాలి, ఆ తర్వాత దేశం దాటడానికి కంపెనీ అనుమతి కావాలి. గని ఆఫీసులో మేనేజరు నా దరఖాస్తును రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"అక్కడ మీ చుట్టాలెవరన్న ఉన్నరా అమ్మా?"

"లేరు సార్."

"మరెందుకు పోతున్నవు?"

"గుట్టలు చూసొద్దామని సార్."

"గుట్టలా? మన దగ్గర లేవా ఏంది? ఎటు చూసినా గవే గదా!"

"మన దగ్గరున్నయి మనం పోసినయి సార్. మనం పోయనియి చూడాలె."

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడా ఒక మట్టి గుట్టే ఉంది. దరఖాస్తు మీద పైకి పంపమని రాసి, "ఫొటోలు నాకు గుడ చూపెట్టాలె" అన్నాడు.

ఇక తయారీ. మా దగ్గర చెట్లు పెంచిన పాత గుట్ట ఒకటుంది. పొద్దున జనం దాని మీదికి నడకకు పోతారు. సెకండ్ షిఫ్టు పడ్డ వారాల్లో నేను కూడా పోయాను. కెమెరా సంచి బరువు అలవాటు కావాలని వీపు సంచిలో బియ్యం పోసుకొని ఎక్కేదాన్ని. మూడో రోజుకు అందరి కళ్ళూ నా సంచి మీద పడ్డాయి. "రేషన్ బియ్యం గుట్ట మీద ఇస్తున్నరా అక్కా?" అని ఒకాయన అడిగాడు. "అవునన్నా, జల్ది పో, అయిపోతున్నయి" అన్నాను. మొదటివారం సగంలో కూర్చునేదాన్ని. మూడోవారం ఆగకుండా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాను. ఆ రోజు పైన నిలబడి గట్టిగా కేక వేశాను, ఎవరేమనుకుంటే నాకేం.

తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితా వచ్చింది. ఒకదాని మీద మరొకటి మూడు పొరల బట్టలు, జారని బూట్లు, కెమెరాకు వానతొడుగు. మధ్యలో 'హెడ్ ల్యాంపు ఒకటి, ఎలా వాడాలో మీటింగులో నేర్పిస్తాను' అని ఉంది. ఆ ముక్క చదివి మా ఆయన అన్నం ముందు కూర్చొని పడీపడీ నవ్వాడు. రోజుకు ఎన్ని వందల ల్యాంపులు నా చేతుల మీదుగా పోతాయో ఆయనకు తెలుసు మరి.

మొదటి ఆదివారం మీటింగులో ఫోనులో చిన్నచిన్న గళ్ళల్లో ఏడు మొహాలు కనిపించాయి. డాక్టరు దంపతులు, కంప్యూటరు ఉద్యోగాల వాళ్ళు నలుగురు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఒకరు. అందరూ ఇదివరకు ఈమెతో తిరిగొచ్చినవాళ్ళే. నా వెనకనుంచి మా ఆయన తువ్వాలుతో రెండుసార్లు అటూ ఇటూ పోయాడు. గైడు మేడం రోజువారీ ప్లాను చెప్పింది. మొదటి రోజంతా ఎర్రమట్టి లోయల్లో తిరగడమట. ఫొటోలు చూపించింది. చూస్తే మా ఇంటి వెనకున్నట్టే ఉంది.

"మేడం, మట్టి గుట్టలు మా ఆయనే పోస్తడు. గంత దూరం పోయి గుడ అవ్వే చూస్తే ఎట్ల? నాకు రాయి చూపెట్టుండ్రి" అన్నాను.

ఏడు గళ్ళూ నవ్వాయి. మేడం కూడా నవ్వి, మట్టి లోయలకు పూట చాలని, మధ్యాహ్నానికే రాతి కనుమకు బయల్దేరేట్టు ప్లాను మార్చింది. డాక్టరమ్మ నాకు విడిగా 'థాంక్యూ' అని మెసేజ్ పెట్టింది, ఆమెకూ మట్టి ఇష్టం లేదట.

రెండో ఆదివారం కొండ మీద పని ఎట్లా జరుగుతుందో చెప్పింది. వ్యాను ఒకచోట ఆగుతుంది. అక్కడినుంచి ఎవరికి నచ్చిన దిక్కు వాళ్ళు ఎక్కుతారు. రెండు గంటల తర్వాత విజిల్ వేస్తారు. అందరూ వచ్చాక లెక్కపెట్టుకొని బయల్దేరుతారు.

"లెక్కపెట్టుడంటే ఎట్ల మేడం?" అన్నాను.

"ఎలా ఏముందండీ, తలలు లెక్కపెడతాం."

నాకు నవ్వాగలేదు. మైకు ఆపుకోవడం రాదు, అందరికీ వినబడింది. నేను సారీ చెప్పేలోపే బ్యాంకు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆమె నవ్వడంలో తప్పులేదమ్మా. పోయినసారి తప్పిపోయింది నేనే కదా."

పోయినసారి మరో దేశంలో, మంచు దట్టంగా పట్టిన పొద్దున జరిగిందట. అందరికీ ఒకేలాంటి నీలం వానకోట్లు ఇచ్చారు. ఈయన ఒక రాయి పక్కన కెమెరా పెట్టుకొని విజిల్ వినలేదు. వ్యాను డ్రైవరు బావమరిది చలికి ఒక నీలం కోటు తొడుక్కొని వెనక సీట్లో కూర్చున్నాడు. తలలు లెక్కపెడితే సరిగ్గా సరిపోయాయి, బయల్దేరారు. సగం దూరం పోయాక ఆ బావమరిది అందరికీ రొట్టె పంచుతూ వాళ్ళ భాషలో మాట్లాడితే అప్పుడు గుండెలు గుభేల్‌మన్నాయట. వెనక్కి వచ్చేసరికి ఈయన రాయి మీద కూర్చొని వణుకుతున్నాడు.

అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. వెనక మిగిలిన మనిషంటే నాకు నవ్వు రాదు. "తలల లెక్క తప్పుతది మేడం, బిళ్ళ తప్పదు" అని మా కిటికీ సంగతి, కొక్కాల సంగతి, ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకునే సంగతి మొదటినుంచీ చెప్పాను. ఎవరి బిళ్ళ వాళ్ళే ఇవ్వాలి, ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి, పక్కోడిది తీసుకుంటే మా దగ్గర పెద్ద నేరం. "ఇంత చిన్న విషయం మనకెందుకు తట్టలేదు?" అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం మేడం ఫోను చేసింది. "మీ సీటు ఖాయమండీ." నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "ఒక్క చిన్న మార్పు. మీరు వ్యాను దగ్గరే ఉండి ఈ బిళ్ళల పని చూసుకోండి. మీకంటే బాగా ఎవరు చేస్తారు? ఎక్కే శ్రమ కూడా తప్పుతుంది. వ్యాను దగ్గరినుంచి కూడా వ్యూ బాగానే ఉంటుంది. ఫీజు సగం చాలు."

విచిత్రంగా నాకు కోపం రాలేదు. ఆలోచించి చెప్తానని ఫోను పెట్టేశాను. ఆమె చెడ్డది కాదు, నాకు మేలు చేస్తున్నాననే అనుకుంది. అందుకే ఇంకా బాధేసింది.

మా ఆయనకు చెప్పాను. "సగం ఫీజే అన్నదా? మంచిదే గదనే!" అన్నాడు. మేడం మీద రావాల్సిన కోపమంతా అప్పుడొచ్చింది. ఆ పూట ఆయనకు అన్నంలోకి పచ్చిపులుసు ఒక్కటే దక్కింది, అది కూడా ఉప్పు లేకుండా.

మర్నాడు పొద్దున ఫస్టు షిఫ్టుకు పోతూ, బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "నిన్న నాకు సమజ్ కాలె. గంత దూరం పోయి గుడ నువ్వు కిటికీ కాడనే కూసుంటవా ఏంది? గా మాట ఆమెతోని చెప్పు. సీటు పోతే పోనీ."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను పొగిడింది తక్కువ. ఈ మాట మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

మూడో ఆదివారం అందరి ముందే చెప్పాలనుకున్నాను. విడిగా చెబితే ఆమె మెల్లగా నచ్చజెప్పేస్తుంది, నేను మెత్తబడతాను. మీటింగు మొదలుకాగానే నేనే ముందు అందుకున్నాను. మేడం అనబోయి నోటికి వేరే మాట వచ్చింది.

"చెల్లె, నేనొక్క మాట చెప్త, ఇనుండ్రి. నాకు సగం ఫీజు వద్దు, పూర్తి కడత. అందరి లెక్కనే బిళ్ళ ఇస్త, అందరి లెక్కనే పైకి పోత. ఎనిమిదేండ్ల సంది ఒగలు పోతుంటే, ఒగలు వస్తుంటే చూసుకుంట కూసున్న. కిర్గిజ్‌స్థాన్‌ల గుడ నాకు గదే పనైతే గోదావరిఖనే నయం. ఇక్కడ జీతం గుడ ఇస్తరు."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం మొహం కందిపోయింది. బ్యాంకు పెద్దాయన చెయ్యి ఎత్తాడు. "పోనీ, నేను కూర్చుంటానమ్మా బిళ్ళల దగ్గర."

"మీరొద్దు సార్. మీరే తప్పిపోయినోళ్ళు" అన్నాను. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేను ఆగలేదు. "బిళ్ళలకాడ కూసునేటోళ్ళకు దారి తెల్వాలె చెల్లె. ఎవరు ఏ దిక్కు పోయిన్రో తెల్వాలె. ఒక్క బిళ్ళ మిగిలితే ఎవరిని పిలవాలెనో, ఎటు ఉరకాలెనో తెల్వాలె. మా దగ్గర గది చిన్న పని కాదు. ఇక్కడ గవన్ని తెలిసినోళ్ళు మీరొక్కరే. ఆ గుట్టలు మీరు మస్తుసార్లు చూసిన్రు. నేను ఒక్కసారి గుడ చూడలె."

అంతే. చెప్పాల్సింది అయిపోయింది. సీటు పోయిందనే అనుకున్నాను. పోయినా సరే, ఇంతకన్నా వేరే విధంగా చెప్పి ఉండేదాన్ని కాదు.

ఆమె కాసేపు తల దించుకొని కాగితాలు చూసుకుంది. తర్వాత తల ఎత్తి, "తప్పు నాదే అక్కా" అంది. మొదటిసారి అక్కా అంది. "మీ ఫొటోలు చూసి మిమ్మల్ని పిలిచాను, తర్వాత ఆ ఫొటోలే మర్చిపోయాను. మీరు చెప్పినట్టే అది నా పని. వ్యాను దగ్గర నేనే కూర్చుంటాను. పైన మీ అందరితో అక్కడి లోకల్ గైడు వస్తాడు. ఎట్లా చెయ్యాలో నాకు నేర్పించండి."

నేను ఈల వేశాను. మైకు అప్పుడు కూడా ఆపలేదు. వెనక మా ఆయన తువ్వాలు గాల్లో తిప్పాడు. ఏడు గళ్ళూ చప్పట్లు కొట్టాయి. చిన్నప్పుడు కబడ్డీలో మా బడి గెలిచినరోజు తర్వాత అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

బిళ్ళలు మంచిర్యాలలో చేయించాను. నంబర్లు కొట్టే షాపతను "కుక్కలకా అక్కా?" అని అడిగాడు. "మనుషులకే తమ్మీ, తప్పిపోయేటోళ్ళకు" అన్నాను. మా ఆయన ప్లైవుడ్ ముక్కకు కొక్కాలు బిగించి బోర్డు చేశాడు. మేడంకు ఫోనులోనే పాఠం చెప్పాను. బిళ్ళ తీసుకున్నప్పుడు మొహం చూడాలి, నంబరు పైకి చదవాలి, మాటల్లో పడి ఒకరి కొక్కానికి ఇంకొకరిది తగిలించకూడదు. మొదటిసారి అప్పజెప్పమంటే తడబడింది. మళ్ళీ చెప్పించాను. మా ఇన్‌చార్జి నన్ను ఎంత సతాయించాడో అంతకు రెండింతలు నేను ఆమెను సతాయించాను. మంచిగా నేర్చుకుంది.

ఆగస్టులో పోయాం. మట్టి లోయల పూట అయిపోయి, మర్నాడు పొద్దున వ్యాను రాతి కనుమ కింద ఆగింది. మేడం మడతకుర్చీ వేసుకొని బోర్డు పక్కన కూర్చుంది. నేను బిళ్ళ ఇస్తే నా మొహం చూసి, నంబరు పైకి చదివి, కొక్కానికి తగిలించింది. చలికి ఆమె ముక్కు ఎర్రబడింది. "జాగ్రత్త అక్కా" అంది. ఎనిమిదేళ్ళుగా రోజూ ఎంతోమందితో నేను అనే మాట అది. నాతో మాత్రం ఎవరూ అనలేదు.

ఎక్కుతుంటే ఊపిరి తొందరగా అయిపోయేది. బియ్యం సంచి నేర్పిన ప్రకారం, ఇరవై అడుగులు వేసి ఆగాను, మళ్ళీ ఇరవై వేశాను. నా ముందు లోకల్ గైడు, వెనక డాక్టరమ్మ, ఆమె వెనక మిగతావాళ్ళు. నేను ఎవరికీ అడ్డం కాలేదు. పైకి చేరేసరికి ఎండ వచ్చింది. ఎదురుగా నల్లటి రాయి, దాని మీద తెల్లగా మంచు, ఒకదాని వెనక ఒకటి కొండలు. ఏ డంపరూ అక్కడ ఒక్క ట్రిప్పు కూడా పోయలేదు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకొని కెమెరా తీశాను.

ఎంతసేపు తీశానో తెలియదు. కింద విజిల్ వినబడింది. ఒక్కొక్కరే దిగిపోయారు. లోకల్ గైడు నా పక్కన రాయి మీద కూర్చొని గడ్డిపోచ నములుతున్నాడు, అతనికి తొందరేమీ లేదు. మంచు అంచున ఎండ ఇంకా సరిగ్గా పడలేదు. కిందనుంచి మేడం రెండు చేతులూ ఊపుతోంది, అందరూ వచ్చేశారు, ఇంక మీరే అని. నేను ఒక చెయ్యి ఊపి, మళ్ళీ కెమెరాలో కన్ను పెట్టాను.

పర్వాలేదు. నా కోసం వాళ్ళు ఆగుతారు.